ఏడు నిమిషాల పది సెకన్లు

ఈ సంక్రాంతికి మా ఇంట్లో ఒక కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. ఏటా భోగి మంట దగ్గరికి వచ్చి, మా పెదనాన్నతో కాఫీ తాగి, కనుమ దాకా మా గుమ్మంలోనే తిరిగే మాస్టారు ఈసారి రాలేదు. కారణం స్థలం గొడవ కాదు, రాజకీయం కాదు, పెళ్లి సంబంధం అంతకన్నా కాదు. ఒక రోయింగ్ మెషీన్. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే 7 నిమిషాల 10 సెకన్లు అనే ఒక అంకె.

మాది శ్రీకాకుళం. పెదనాన్నకి 58 ఏళ్లు. నేవీలో చేసి రిటైరయ్యాడు. కుర్రతనంలో ఐదు తెడ్ల వేలర్ పడవ లాగి, షిప్పుల మధ్య పోటీల్లో గెలిచినవాడు. మాస్టారికి 63. లెక్కలు చెప్పి రిటైరయ్యారు, బక్కపల్చటి మనిషి. ఇద్దరూ పదేళ్లుగా నాగావళి వంతెన దాకా కలిసే వాకింగ్ చేస్తారు. రెండేళ్ల కిందట ఊళ్లో ఒక జిమ్‌కి గాలి ఫ్యాన్ ఉన్న రోయింగ్ మెషీన్ వచ్చింది. పెదనాన్నకి తెడ్డు గుర్తొచ్చింది, మాస్టారికి స్క్రీన్ మీద అంకెలు నచ్చాయి. ఇద్దరూ దానికి అతుక్కుపోయారు.

పోయిన వర్షాకాలం పెదనాన్న మా అన్నయ్య దగ్గర హైదరాబాద్‌లో రెండు నెలలుండి వచ్చాడు. వస్తూనే, "2000 మీటర్లు 7:10లో లాగేసాను మాస్టారూ" అన్నాడు. మాస్టారు కాసేపు ఆలోచించి, "అది జరిగే పని కాదు నాయుడూ" అన్నారు. అంతే. మర్నాటి నుంచి ఒకరు వంతెన వైపు, ఒకరు ఏడు రోడ్ల జంక్షన్ వైపు.

"ఏటిరా, నాను అబద్ధమాడతానేటి? ఇంజనీరింగ్ సదువుతున్నావు కదా, నువ్వే లెక్క తేల్చు" అన్నాడు పెదనాన్న. సెలవుల్లో ఆ పని నా మీద పడింది. తేల్చే క్రమంలో నేను నేర్చుకున్నదే ఈ వ్యాసం.

50 సెకన్లంటే ఎంత?

అంతకుముందు జిమ్‌లో పెదనాన్న మామూలు టైము 8 నిమిషాలకి కాస్త అటూ ఇటూ. "రెండు నెలల్లో ఓ 50 సెకన్లు తగ్గించాడు, అంతే కదా" అనుకున్నాను. అక్కడే నేను తప్పులో కాలేశాను.

ఈ మెషీన్లలో ప్రపంచమంతా ప్రామాణికంగా తీసుకునేది అమెరికాలోని వెర్మాంట్‌లో డ్రైసిగాకర్ సోదరులు పెట్టిన కాన్సెప్ట్2 కంపెనీది. వాళ్ల మొదటి రోయింగ్ మెషీన్ 1981లో వచ్చింది. దాని స్క్రీన్ శక్తినీ వేగాన్నీ ఒక చిన్న సూత్రంతో కలుపుతుంది: ఒక మీటరుకి పట్టిన సెకన్లని ఘనం చేసి, దానితో 2.8ని భాగిస్తే వాట్లు వస్తాయి. నీటిలో పడవకి ఎదురయ్యే నిరోధం దాదాపు వేగం వర్గంతో పెరుగుతుంది, శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. మన ఫ్లూయిడ్ మెకానిక్స్ క్లాసులో నిద్రపోయింది దీని గురించే.

ఇప్పుడు వేసి చూడండి. 8 నిమిషాలు అంటే మీటరుకి 0.24 సెకన్లు, సుమారు 203 వాట్లు. 7:10 అంటే మీటరుకి 0.215 సెకన్లు, సుమారు 282 వాట్లు. టైములో తగ్గింది పది శాతం చిల్లర. శక్తిలో పెరగాల్సింది దాదాపు 40 శాతం. 58 ఏళ్ల మనిషి, కిందటి నెల దాకా క్రమం తప్పకుండా లాగుతూనే ఉన్న మనిషి, రెండు నెలల్లో తన ఇంజన్‌ని 40 శాతం పెంచుకోవడం! మాస్టారు కాసేపు ఆలోచించింది ఈ ఘనం వేసుకోవడానికే.

మరి పెదనాన్న అబద్ధమాడాడా?

లేదు. అన్నయ్యకి ఫోన్ చేసి, వాళ్ల అపార్ట్‌మెంట్ జిమ్‌లో మెషీన్ ఫొటో పంపమన్నాను. అది మాగ్నెట్‌తో పనిచేసే చవక రకం. తగువుకి వేరు అక్కడుంది.

గాలి మెషీన్‌లో హ్యాండిల్ లాగితే ఫ్లైవీల్ తిరుగుతుంది. మనం మళ్లీ ముందుకి వంగేటప్పుడు ఆ చక్రం గాలి నిరోధానికి నెమ్మదిస్తుంది. ఎంత వేగంగా నెమ్మదించిందో మానిటర్ ప్రతి స్ట్రోక్‌కీ కొలిచి, నిరోధం ఎంతో లెక్కకడుతుంది. దాన్ని డ్రాగ్ ఫ్యాక్టర్ అంటారు. జాలీలో దుమ్ము పట్టినా, పక్కనున్న మీట 3 మీద ఉన్నా 10 మీద ఉన్నా, ఆ మార్పు లెక్కలోకి వచ్చేస్తుంది. అందుకే అక్కడ 200 వాట్లంటే మన శ్రీకాకుళంలోనూ బోస్టన్‌లోనూ 200 వాట్లే. "మీట పది మీద పెట్టి లాగాను" అని గొప్ప చెప్పుకునేవాళ్లు మీ జిమ్‌లోనూ ఉంటారు. అది బలానికి కొలత కాదు. బరువైన పడవా తేలికైన పడవా అనే తేడా మాత్రమే.

చవక మాగ్నెట్ మెషీన్లలో చాలావాటికి ఈ కొలత ఉండదు. చక్రం ఇన్ని చుట్లు తిరిగితే ఇన్ని మీటర్లు అని తయారుచేసినవాళ్లు ముందే రాసి పెట్టేస్తారు. నిరోధం బాగా తగ్గించుకుని చకచకా లాగితే మీటర్లు పరుగెడతాయి. పెదనాన్న స్క్రీన్ మీద 7:10 చూశాడన్నది నిజం. అది 2000 మీటర్లు కాదన్నదీ నిజమే. తూకం రాళ్లు వేరైతే బియ్యం తూకం కూడా వేరే కదా!

"చేశాను", "చేయగలను", "చేస్తాను"

మాగ్నెట్ సంగతి చెబితే పెదనాన్న తగ్గలేదు. "సరే, అది పోనీ. పోటీ పెడితే ఇక్కడా లాగుతాను. రోజూ నాను కావాలనే నెమ్మదిగా లాగుతున్నాను" అన్నాడు. ఈ మాట వినగానే నాకు ఒకటి అర్థమైంది. వయసు మళ్లిన ఆటగాళ్ల తగువులన్నీ మూడు క్రియాపదాల మధ్య జరుగుతాయి. "చేశాను" అన్నదాన్ని సరిచూడొచ్చు. "చేయగలను" అన్నదాన్ని అంచనా వేయొచ్చు. "చేస్తాను" అన్నదాన్ని ఎవరూ ఏమీ చేయలేరు, ఆ రోజు దాకా ఆగాల్సిందే.

"చేశాను" సరిచూసే దారి ఉంది. కాన్సెప్ట్2 మానిటర్ లాగడం అయ్యాక ఒక కోడ్ ఇవ్వగలదు. ఆన్‌లైన్ ర్యాంకింగ్‌లో టైముతో పాటు అది ఎక్కిస్తే సరిచూసినట్టు గుర్తు పడుతుంది.

"చేయగలను"కి రోయర్లు వాడే ఒక మోటు లెక్క ఉంది, పాల్స్ లా అంటారు. దూరం రెట్టింపు చేస్తే, 500 మీటర్లకి పట్టే సగటు టైము 5 సెకన్లు పెరుగుతుంది. పెదనాన్న జిమ్‌లో పూర్తి బలంతో లాగిన 500 మీటర్ల టైము 1:52. 500 నుంచి 2000కి రెండు రెట్టింపులు, కాబట్టి 10 సెకన్లు కలపాలి, 2:02. దాన్ని నాలుగుతో గుణిస్తే 8:08. ఇది భౌతిక సూత్రం కాదు, అనుభవం మీద కట్టిన అంచనా. పొట్టి దూరాల వీరులకి ఒకలా, ఓపిక గలవాళ్లకి ఒకలా తప్పుతుంది. కానీ దాదాపు నిమిషం తప్పదు.

మన జిల్లాల వాళ్లకి ఈ తేడా కొత్త కాదు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట బిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 110, 130 మొత్తం 240 కిలోలు ఎత్తింది. చివరి ప్రయత్నంలో 137.5 అడిగింది, లేవలేదు. పైనున్న ఇద్దరూ 242.5. ఇద్దరిదీ ఒకే మొత్తమైనా, ఒంటి బరువు తక్కువున్న చైనా అమ్మాయికి స్వర్ణం. మల్లీశ్వరి ఎంత ఎత్తగలదో అని మనం ఇంకా మాట్లాడుకోవచ్చు, పుస్తకంలో ఉన్నది మాత్రం 240, కంచు. విజయనగరం జిల్లా కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి 2014 కామన్వెల్త్‌లో కంచు గెలిస్తే, స్వర్ణం గెలిచిన నైజీరియా లిఫ్టర్ డోప్ పరీక్షలో దొరకడంతో అది వెండి అయింది. బల్ల మీద జరిగింది కూడా పరీక్ష నెగ్గాకే లెక్క. ఏనుగుని ఛాతీ మీద ఎక్కించుకున్న కోడి రామ్మూర్తి నాయుడు గారు కూడా ఆ పని జనం ముందే చేశారు, ఇంట్లో చేశానని చెప్పుకోలేదు.

టాబ్లెట్ల స్ట్రిప్పు

మాస్టారి దగ్గర ఇంకో సాక్ష్యం ఉంది. "మీ పెదనాన్న ప్రాణం పెట్టి లాగుతున్నానంటాడు. గుండె 130 దాటదు. 220లోంచి వయసు తీస్తే 162 రావాలి. అంటే ఒకటి, పూర్తిగా లాగట్లేదు. లేదా, నటిస్తున్నాడు" అన్నారు.

220 మైనస్ వయసు అన్నది సగటు మాత్రమే. ఒకే వయసున్న ఆరోగ్యవంతుల్లోనే పది పన్నెండు బీట్లు అటూ ఇటూ ఉండటం మామూలు. కానీ 30 బీట్ల తేడా నాకూ వింతగానే అనిపించింది. ఆ రాత్రి నీళ్లు తాగడానికి లేచి, వంటింటి అలమరలో పంచదార డబ్బా వెనక ఒక టాబ్లెట్ల స్ట్రిప్పు చూశాను. మెటోప్రొలాల్. బీటా బ్లాకర్. బీపీకి, గుండెకి ఇస్తారు. అది వేసుకుంటే ఎంత కష్టపడినా గుండె వేగం ఒక హద్దు దాటి పెరగదు.

పొద్దున్న అడిగితే పెదనాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ పెద్దమ్మకి తప్ప ఎవలికీ తెలీదు. మాస్టారికి సెప్తే లాగొద్దంటాడు. ఆ మెషీన్ మీదున్నంతసేపే నాను పాత మనిషిలా ఉంతాను బావూ" అన్నాడు.

7:10 నాకు అప్పుడు అర్థమైంది. అది మాస్టారిని ఓడించడానికి చెప్పిన అంకె కాదు. ఆ మాగ్నెట్ స్క్రీన్ తనకి చెప్పిన శుభవార్త. దాన్ని ఆయన ఎందుకు సరిచూసుకోలేదో కూడా అర్థమైంది. శుభవార్తని ఎవరు సరిచూస్తారు?

కానీ ఇది దాచే విషయం కాదు. బీటా బ్లాకర్ వేసుకునేవాళ్లు గుండె వేగం చూసి శ్రమని అంచనా వేయకూడదు, పోటీకి లాగే ముందు డాక్టర్‌ని అడగాలి. పట్టుదలకి పోయి, ఎవరికీ చెప్పకుండా 7:10 వేగంతో మొదలుపెడితే జరిగేది రికార్డు కాకపోవచ్చు. ఆ మాట చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. వినడానికి ఆయనకి ఇంకో రెండు రోజులు. పెద్దమ్మే దగ్గరుండి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన ఈసీజీ తీయించి, ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూసి, "లాగండి, కానీ మొదట్లోనే దూకొద్దు, పక్కన మనిషి ఉండాలి" అన్నారు.

పక్కన ఉండే మనిషి ఎవరో వేరే చెప్పక్కర్లేదు. స్ట్రిప్పు సంగతి నేనే వెళ్లి మాస్టారికి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "నటిస్తున్నాడన్నానా నేను?" అని మాత్రం అడిగారు.

రెండు అంకెలు, మూడు విజేతలు

ముక్కనుమ మర్నాడు పొద్దున్న ఇద్దరూ ఒకే మెషీన్ మీద, ఒకరి తర్వాత ఒకరు లాగారు. పెదనాన్న 8:06. మాస్టారు 8:38. 8:06 అంటే సుమారు 195 వాట్లు. పాల్స్ లా రెండు సెకన్లే తప్పింది.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. మాస్టారు జేబులోంచి కాగితం తీశారు. మెషీన్ మీద ఒంటి బరువుని సీటు మోస్తుంది, నీళ్ల మీద పడవ మోయాలి. బరువైన మనిషితో పడవ ఎక్కువ మునిగి, నిరోధం పెరుగుతుంది. దానికో సర్దుబాటు సూత్రం ఉంది: బరువుని పౌండ్లలో తీసుకుని 270తో భాగించి, 0.222 ఘాతం వేసి, టైముతో గుణించాలి. 82 కిలోల పెదనాన్న 7:24.6కి వచ్చాడు. 64 కిలోల మాస్టారు 7:28.5కి. 32 సెకన్ల తేడా నాలుగు సెకన్లకి దిగింది.

"ఇహ వయసు" అన్నారు మాస్టారు. నీళ్ల మీద జరిగే ప్రపంచ మాస్టర్స్ పోటీల్లో 27 ఏళ్ల నుంచే మాస్టర్లు, దూరం 1000 మీటర్లు. 55 దాటితే ఒక వర్గం, 60 దాటితే ఇంకోటి. ఆ లెక్కన ఇద్దరూ అసలు ఒక రేసులోనే లేరు, ఎవరి వర్గంలో వారే మొదటివారు. బోస్టన్‌లో 1980ల మొదట్లో పాత ఒలింపిక్ రోయర్లు మొదలుపెట్టిన ఇండోర్ పోటీకి వాళ్లు పెట్టుకున్న పేరుకి అర్థం, చార్లెస్ నది ఒకప్పటి మొనగాళ్లు అని. గెలిస్తే సుత్తి బహుమతి. ఇది చెబితే ఇద్దరూ పగలబడి నవ్వారు.

ఆ తర్వాత నన్ను కూర్చోబెట్టారు. 20 ఏళ్లు, 70 కిలోలు, హాస్టల్ మెస్ తిండి. మొదటి 500 మీటర్లు 1:50లో లాగి, నా అంత వాడు లేడనుకున్నాను. చివరికి వచ్చింది 8:51. దిగాక పదినిమిషాలు నేల మీదే ఉన్నాను.

"నిన్న జొరం ఒచ్చినట్టుంది గుంటడికి" అన్నాడు పెదనాన్న.

"అవును, లేకపోతే 7:10 లాగేసేవాడు" అన్నారు మాస్టారు.

ఇద్దరూ నన్నక్కడే వదిలేసి, వంతెన వైపు నడిచారు.