అత్తగారి పటములు రెండు

మా యింటి నడవలో మా అత్తగారి పటములు రెండు కలవు. ఒకటి పట్టణమందలి ఫోటో స్టూడియోలో తీయించినది. పట్టుచీరె, మెడనిండ సొమ్ములు, వెనుక తెరపై వ్రాసిన పూలతోట. కన్నులలో మాత్రము బెదరు. రెండవది చల్లపల్లిలో మా వసారాయందు, ఆమె చేటతో బియ్యము చెరుగుచుండగా మా మరది తీసినది. ముంగురులు చెదరినవి, పెదవులపై నేదియో మాట నిలిచినది. ఆమె గతించిన పిదప పిల్లలు మ్రొక్కునది మొదటిదానికి, పలుకరించునది రెండవదానిని.

ఈ భేద మేల కలిగినది? ఛాయాగ్రహణపు తొలినాళ్లలో పలకపై రూపము పడుటకు కొన్ని క్షణములు కదలక కూర్చుండవలసియుండెను. తల చలింపకుండ వెనుక ఇనుపకొయ్య నిలుపుటయు కలదు. యంత్రము మారినను, బిగుసుకొని నిలుచు నలవాటు మనలను విడువలేదు.

స్త్రీల సంకోచము నెరిగినవారిలో రాజా దీనదయాళుగారు గణ్యులు. 1844లో సర్ధనాలో జన్మించిన వీరు ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకులై, 1892లో హైదరాబాదున ఘోషా స్త్రీలకై ప్రత్యేకముగ నొక స్టూడియోను నెలకొల్పిరి. ఎత్తైన గోడల నడుమ నచ్చట స్త్రీల పటములను స్త్రీయే తీయుచుండెను. పిమ్మట హోమాయి వ్యారవాలాగారు (1913–2012) గోడలు దాటి, చీరె కట్టుతోనే కెమెరా ధరించి, బొంబాయి జనుల దినచర్యను చిత్రించిరి. ఆమె తొలి చిత్రములు భర్తపేరనే అచ్చయినవి. 2011లో పద్మవిభూషణ బిరుదము మాత్ర మామె పేరనే వచ్చినది.

నేడు ఫోనే కెమెరాయైనది గనుక మన కనుభవమునకు వచ్చిన రెండు మూడు మాటలు చెప్పుదుము. ఉదయపు వెలుగు ప్రక్కనుండి వచ్చు గుమ్మము మేలు. పిల్లలను తీయునపుడు వారి కన్నుల యెత్తున కూర్చుండవలెను. పెద్దలతో కొంతసేపు ముచ్చటించి, చేతులు పనిలో పడిన పిదపనే తీయవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనదానిని మేము ఆలస్యముగ నేర్చితిమి. ఒకనాడు కాలువగట్టునుండి నాట్లు వేయు స్త్రీల నడుగకయే పటము తీసితిమి. వారిలో పెద్దామె తలయెత్తి, "బురదలో ఉన్నప్పుడేనమ్మా మీకు మేం కనబడేది?" అనెను. మేము సిగ్గుపడి దానిని చెరిపివేసితిమి. ఎట్లు తీయుమందువని యడుగగా, ఆమె కాలువలో ముఖము కడిగికొని, కొంగు సవరించుకొని, నారుకట్ట చేతబట్టి మాయెదుట నిలిచెను. ఆ పటము నచ్చువేయించి ఆమెకే యిచ్చితిమి.

ఇంటికి వచ్చి నడవలోని పటములను మరల చూచితిమి. అత్తగారు జీవించియుండగా వచ్చినవారి కెల్ల మొదటిదానినే చూపెడివారు! చేట పటమును చూచి, "ఇదేమి వేషమే తల్లీ!" అని నవ్వెడివారు. మనకు ప్రియమైన రూప మొకటి. వారు కోరుకొన్న రూప మొకటి. రెండవది మేలని మొదటిదానిని తీసివేయ దలచిన మేము, నాటినుండి రెంటిని ప్రక్కప్రక్కనే యుంచితిమి.

సోదరీమణులారా! మీ తల్లుల నట్లే రెండు విధముల తీయుడు. ముందుగ వారి నడుగుడు. వెనుక పేరును సంవత్సరమును వ్రాయుడు.