చలి పొద్దున వెచ్చని కారు

మా మిన్నెసోటాలో జనవరి ఉదయాలు సున్నా ఫారెన్‌హీట్‌, అంటే మైనస్ 18 సెల్సియస్ కిందికి దిగడం మామూలే. పెట్రోలు కారు తన ఇంజన్ వృథా చేసే వేడితోనే లోపల వెచ్చబడుతుంది. ఎలక్ట్రిక్ మోటారుకు అంత వృథా వేడి ఉండదు. హీటరుకు బ్యాటరీయే కరెంటు ఇవ్వాలి, ఆ మేరకు కారు వెళ్ళగలిగే దూరం తగ్గుతుంది.

అందుకే మా ఇంట్లో రాత్రే కారును ఛార్జరుకు తగిలించి, ఫోనులో బయలుదేరే వేళ 7:30 అని పెట్టేస్తాం. వేడికి కరెంటు ఇంటి నుంచి వస్తుంది, బ్యాటరీ నిండుగా ఉంటుంది. 120 వోల్టుల మామూలు ప్లగ్ పాయింటు ఇచ్చేది సుమారు 1.4 కిలోవాట్లే కాబట్టి, చాలనిది బ్యాటరీ నుంచే లాగుతుంది. 240 వోల్టుల ఛార్జరయితే ఆ బెంగ లేదు.

అసలు లాభం పిల్లలది. దళసరి కోటు మీద కారు సీటు బెల్టు బిగిస్తే, ప్రమాదంలో కోటు అణిగిపోయి బెల్టు వదులవుతుంది. కారు ముందే వెచ్చబడితే కోటు విప్పించి, బెల్టును ఒంటికి సరిగ్గా బిగించవచ్చు. ఇంకో మాట. గరాజులో పెట్రోలు కారును స్టార్టు చేసి వదిలేస్తే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది. ఎలక్ట్రిక్ కారుకు ఆ పొగే లేదు.

పిల్లలూ, రేపు కారెక్కగానే కోటు విప్పేయండి. బెల్టు పెట్టుకున్నాక అదే కోటును దుప్పటిలా పైన కప్పుకోవచ్చు!