తాళం వేసిన క్విజ్

గూగుల్ ఫారమ్స్‌లో తనంతట తానే మార్కులు వేసే క్విజ్ 2016లో వచ్చింది. టీచర్లకు పేపర్లు దిద్దే శ్రమ తప్పింది. పిల్లలకేమో పక్క ట్యాబ్‌లో జవాబు వెతుక్కునే దారి దొరికింది. దానికి విరుగుడుగా గూగుల్ 2018లో ప్రకటించినదే ‘లాక్డ్ మోడ్’. క్విజ్ మొదలుపెట్టగానే తెర నిండా అదే ఉంటుంది, ఇంకో ట్యాబ్ తెరుచుకోదు. మధ్యలో విద్యార్థి బయటికొస్తే టీచరుకు ఈమెయిల్ వెళ్తుంది. ఈ ఆలోచన గూగుల్‌తో మొదలైంది కాదు. జ్యూరిచ్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయంలో తయారైన సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ అంతకు ముందునుంచే కంప్యూటర్‌ను పరీక్షకు మాత్రమే కట్టిపడేస్తోంది.

అయితే లాక్డ్ మోడ్‌కు ఒక షరతుంది. బడి అధీనంలో ఉన్న క్రోమ్‌బుక్ ల్యాప్‌టాప్‌లోనే అది పనిచేస్తుంది.

ఆ షరతు ఎంత పెద్దదో మలేషియాలో తెలిసొచ్చింది. 2013లోనే ఆ దేశం విద్యార్థులు, టీచర్లు, తల్లిదండ్రులు కలిపి కోటి మందికి గూగుల్ ఖాతాలు ఇవ్వడానికి, బడులకు క్రోమ్‌బుక్‌లు పంచడానికి పూనుకుంది. తీరా 2020 మార్చి 18న కదలికలపై ఆంక్షలు అమల్లోకి వచ్చి దేశమంతటా బడులు, కాలేజీలు మూతపడేసరికి పిల్లలు ఇళ్లలో ఉన్నారు. విద్యాశాఖ సర్వే చేయిస్తే 36.9 శాతం మంది విద్యార్థుల దగ్గర ఏ పరికరమూ లేదని తేలింది. ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఉన్నది ఫోనే. ఆ జూన్‌లో సబా రాష్ట్రంలో ఒక విశ్వవిద్యాలయ విద్యార్థిని సిగ్నల్ కోసం చెట్టెక్కి ఆన్‌లైన్ పరీక్ష రాసింది. తాళం వేయడానికి అసలు తలుపు ఎక్కడుంది?

తాళం లేనిచోట నిఘా వచ్చింది. బ్రౌజర్‌లో ఒక చిన్న ఏర్పాటు ఉంది. మీరు వేరే ట్యాబ్‌లోకి వెళ్లిన క్షణంలో, ఈ పేజీ ఇప్పుడు కనబడటం లేదని అది వెబ్‌సైటుకు చెబుతుంది. నిజానికి కనబడని పేజీలో వీడియో ఆపి బ్యాటరీ మిగల్చడం లాంటి పనులకు పుట్టిన సదుపాయమిది. పరీక్షల సాఫ్ట్‌వేర్ దాన్నే అందిపుచ్చుకుని ఎవరు ఎన్నిసార్లు పక్కకెళ్లారో లెక్కగడుతుంది. కానీ ఫోన్‌కు కాల్ వచ్చినా పేజీ మరుగవుతుంది. ఒడిలో పెట్టుకున్న రెండో ఫోన్ మాత్రం దానికి ఎన్నటికీ కనబడదు.

నాకు వీటన్నిటికన్నా తెలివైనదిగా తోచేది కంప్యూటర్లు పుట్టకముందటి పద్ధతి. 1927లో చార్లెస్ బర్డ్ అనే మనస్తత్వవేత్త కాపీని పట్టడానికి తప్పు జవాబులను చూడమన్నాడు. ఇద్దరూ బాగా చదివితే ఒప్పులు కలవడం సహజం. తప్పులు కలిస్తేనే అనుమానించాలి. నాలుగు ఆప్షన్లలో మూడు తప్పులు. ఇద్దరూ తప్పిన ప్రశ్నలు పది ఉన్నాయనుకుందాం. ఇద్దరూ గుడ్డిగా టిక్కు పెట్టి ఉంటే ఆ పదింటిలోనూ ఒకే తప్పు పడే అవకాశం 59,049లో ఒక్కటి. అయితే ఇక్కడా జాగ్రత్త అవసరం. పాఠం అందరికీ ఒకేలా తప్పుగా అర్థమైతే, అందరూ ఒకే తప్పు ఆప్షన్ వైపు మొగ్గుతారు. అప్పుడు లోపం పిల్లలది కాదు.

లెక్క చూసి వెంటనే శిక్ష వేస్తే ఏమవుతుందో 2021లో అమెరికాలోని డార్ట్‌మత్ వైద్య కళాశాల చూపించింది. కోర్సు వెబ్‌సైటు లాగ్‌ల ఆధారంగా 17 మంది విద్యార్థులపై కాపీ ఆరోపణ మోపారు. విద్యార్థి ముట్టుకోకపోయినా పరికరం తనంతట తానే ఆ పేజీలను తెరిచినట్టు లాగ్‌లో నమోదు కావచ్చని తర్వాత బయటపడింది. ఆరోపణలన్నీ వెనక్కి తీసుకున్నారు. డాక్టర్లు కాబోయే ఆ పిల్లలు ఆ నెలలు ఎలా గడిపి ఉంటారో తలచుకుంటే గుండె బరువెక్కుతుంది.

అందుకే పట్టుకోవడం కన్నా కాపీ వల్ల లాభం లేకుండా చేయడమే మేలు. ఒకప్పుడు కాగితంపై ఎంసెట్ రాసినవాళ్లకు ఏ, బీ, సీ, డీ సెట్లు తెలిసినవే. ఆన్‌లైన్‌లో అదే పని ఇంకా సులువు. ప్రశ్నల వరస, ఆప్షన్ల వరస ఒక్కొక్కరికీ మారిపోతాయి. పెద్ద ప్రశ్నల నిధిలోంచి ఒక్కొక్కరికీ వేర్వేరు ప్రశ్నలు వస్తాయి. లెక్కల్లో అయితే అంకెలే మారతాయి. పక్కవాడు వాట్సాప్‌లో ‘మూడోది బీ’ అని పంపినా అది ఎవరికీ పనికిరాదు. వీటన్నిటికీ కావలసింది ప్రశ్నలు రాసే ఓపిక ఉన్న టీచరు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనే బడులు ఆ టీచరుకు సమయం ఇవ్వడానికి మాత్రం వెనకాడతాయి.

క్విజ్‌లు పెట్టే టీచర్లకు నాదొక్కటే విన్నపం. ఏ విద్యార్థి పేరు పక్కనైనా ఎర్ర గుర్తు కనిపిస్తే, ముందు ఆ పిల్లను పిలిచి అదే ప్రశ్నను నోటితో అడగండి. అయిదు నిమిషాలు పడుతుంది. ఆ తర్వాతే ఏ నిర్ణయమైనా తీసుకోండి.