మేడ మీద ఉక్క, కింద చలి

జూన్ వచ్చిందంటే మా డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళ విందుల్లో ఒక మాట తప్పకుండా వినపడుతుంది: "కింద శాలువా కప్పుకుంటున్నామండీ, మేడ మీద మాత్రం ఉడికిపోతున్నాం!" జనవరిలో గరాజ్ మీది గదిలో పడుకునే పిల్లలు రెండో దుప్పటి అడుగుతారు. పెద్ద భవనాలకి ఎయిర్ కండిషనింగ్ డిజైన్ చేయడం నా ఉద్యోగం. అందుకే చెయ్యి కడుక్కునేలోపే నన్ను మేడ మీదికి లాక్కెళ్ళే స్నేహితులు చాలామంది ఉన్నారు. వాళ్ళకి విడివిడిగా చెప్పే సంగతులే ఇక్కడ ఒకచోట చెబుతున్నాను. ఒక్క ముక్కలో అయితే ఇంతే: కొత్త మిషను కొనేముందు గాలి నడిచే దారి చూడండి.

గాలి ఎలా తిరుగుతుంది?

మన పాత మండువా లోగిళ్ళలో గాలి తనంతట తానే తిరిగేది. వేడి గాలి నడుమనున్న ఖాళీలోంచి పైకి పోయేది, చల్లగాలి వసారాల్లోంచి లోపలికి వచ్చేది. ఇక్కడి ఇల్లు మూత బిగించిన డబ్బాలాంటిది. గాలిని బ్లోయర్ తోయాలి. చల్లబడిన గాలి సప్లై డక్టుల్లోంచి గదుల్లోకి వస్తుంది, గదుల్లోని గాలి రిటర్న్ జాలీలోంచి మిషను దగ్గరికి తిరిగి వెళుతుంది. ఎంత గాలి వచ్చిందో అంతా తిరిగి వెళ్ళాలి. ఈ దారిలో ఎక్కడ అడ్డు పడినా, ఎక్కడ చిల్లు పడినా ముందు కష్టపడేది మిషనుకి దూరంగా ఉన్న గదే.

టెక్సస్ ఇళ్ళలో డక్టులు ఎక్కువగా ఆటిక్‌లోనే ఉంటాయి. వేసవి మధ్యాహ్నం ఆటిక్‌లో వేడి 130 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి చేరడం మామూలే. సుమారు 55 డిగ్రీల గాలి ఆ కొలిమిలోంచి నడిచి పడగ్గదికి చేరాలి!

పదమూడు వేల ఎస్టిమేటు

2023 వేసవిలో ఒక స్నేహితుడి తల్లిగారు గుంటూరు నుంచి వచ్చారు. ఆవిడకిచ్చిన మేడ మీది గదిలో సాయంత్రం 86 డిగ్రీలు ఉండేది. "నాకేం బాబూ, గుంటూరు ఎండలు చూసినదాన్ని" అంటూనే, అందరూ పడుకున్నాక కిందికి దిగి సోఫాలో నిద్రపోయేవారు. మన పెద్దలు నోరు తెరిచి చెప్పరు. ఆ వయసులో రాత్రంతా వేడిలో ఉండటం ఆరోగ్యానికి ప్రమాదం కూడా. చూడటానికి వచ్చిన ఒక కంపెనీ మనిషి నాలుగు టన్నుల మిషను తీసేసి అయిదు టన్నులది పెట్టాలని, పదమూడు వేల డాలర్లకి పైగా ఎస్టిమేటు రాసి వెళ్ళాడు.

పొద్దున్నే, ఎండెక్కకముందు ఆటిక్ ఎక్కి చూశాం. ఆ గదికి వెళ్ళే డక్టు గొట్టం మూతి దగ్గర ఊడి పక్కకి పడి ఉంది. చల్లగాలంతా ఆటిక్‌కే పోతోంది! దాన్ని బిగించి, మరో నాలుగు అతుకులు మూయించడానికి నాలుగు వందల డాలర్ల లోపే అయింది. వారం తిరిగేసరికి ఆ గదిలో 77 డిగ్రీలు.

పెద్ద మిషను పెడితే పోలేదా అంటారా? ఒక టన్ను అంటే గంటకి 12,000 బీటీయూల వేడిని తీసేసే శక్తి. ఒక టన్ను మంచు 24 గంటల్లో కరగడానికి తీసుకునే వేడి లెక్కలోంచి వచ్చిన పేరది. అవసరానికి మించిన మిషను గబగబా చల్లబరిచి ఆగిపోతుంది. గాలిలోని తేమ తీయడానికి దానికి సమయం చాలదు. ఇల్లు చల్లగా ఉన్నా జిగటగా ఉంటుంది. పైగా పాత సన్న డక్టులు అంత గాలిని మోయలేవు. అందుకే ఎస్టిమేటు ఇచ్చేవారిని "మాన్యువల్ జె లెక్క వేశారా? డక్టులు పరీక్షించారా?" అని తప్పకుండా అడగండి.

మీరే చూసుకోదగ్గవి

1. ఫిల్టరు: నెలకోసారి తీసి చూడండి. మన వంటింటి తాలింపు పొగ, దేవుడి గది అగరువత్తులు దాన్ని తొందరగా నింపుతాయి. మెర్వ్ 8 నుంచి 11 చాలా ఇళ్ళకి సరిపోతుంది. అంతకన్నా దట్టమైనది పెట్టేముందు మీ మిషను దాన్ని తట్టుకుంటుందో లేదో కనుక్కోండి.

2. వెంట్లు: వాడని గదుల వెంట్లు మూస్తే కరెంటు ఆదా అవుతుందనుకుంటాం. నిజానికి డక్టుల్లో ఒత్తిడి పెరిగి చిల్లుల్లోంచి కారేది ఎక్కువవుతుంది. మరీ ఎక్కువ మూస్తే వేసవిలో కాయిల్ మీద మంచు కట్టవచ్చు, చలికాలంలో ఫర్నెస్ వేడెక్కి ఆగిపోవచ్చు.

3. చిల్లులు: మామూలు ఇంట్లో డక్టుల్లో వెళ్ళే గాలిలో 20 నుంచి 30 శాతం దారిలోనే పోతుందని ఎనర్జీ స్టార్ చెబుతోంది. అతుకులకి మాస్టిక్ అనే చిక్కటి పూత గాని, యూఎల్ 181 గుర్తున్న టేపు గాని వాడించండి. పేరుకి "డక్ట్ టేప్" అయినా, గుడ్డ వెనుక జిగురుండే ఆ బూడిదరంగు టేపు డక్టుల మీద నిలవదని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల 1998లోనే పరీక్షించి తేల్చింది.

4. రెండు ఉష్ణోగ్రతలు: ఏసీ పదిహేను నిమిషాలు నడిచాక రిటర్న్ దగ్గర, మిషనుకి దగ్గరి వెంటు దగ్గర థర్మామీటరు పెట్టండి. తేడా సుమారు 15 నుంచి 20 డిగ్రీలు ఉండాలి. బాగా తక్కువుంటే టెక్నీషియన్‌ని పిలవండి. గ్యాసు పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. ఏటా నింపించుకోవడం రిపేరు కాదు.

5. సీలింగ్ ఫ్యాను: అది మనుషులకి హాయినిస్తుంది గాని గదిని చల్లబరచదు. ఫ్యాను తిరుగుతుంటే థర్మోస్టాట్ నాలుగు డిగ్రీలు పెంచినా తెలియదు. గదిలో ఎవరూ లేకపోతే ఆపేయండి.

ఇవన్నీ సరిచూశాక కూడా గరాజ్ మీది గది దారికి రాకపోతే, ఆ ఒక్క గదికి విడిగా మినీ స్ప్లిట్ పెట్టడం ఇల్లంతటికీ పెద్ద మిషను కొనడం కంటే మేలు.

పిల్లలకో పని

ఒక పల్చటి టిష్యూ కాగితం తీసుకోండి. రిటర్న్ జాలీ దగ్గర పట్టుకుంటే అది జాలీకి అతుక్కోవాలి. ప్రతి గదిలో వెంటు దగ్గర పట్టుకుని, ఎక్కడ బాగా ఎగిరిందో, ఎక్కడ కదల్లేదో కాగితం మీద ఇంటి బొమ్మ వేసి రాయండి. ఇప్పుడు పడగ్గది తలుపు మూసి మళ్ళీ చూడండి. గాలి తగ్గిందా? అయితే లోపలికి వచ్చిన గాలికి బయటికి దారి లేదన్నమాట! తలుపు కింద సందు పెంచాలో, గోడకి జాలీ పెట్టాలో అమ్మానాన్నలు చూసుకుంటారు. ఆటిక్ ఎక్కడం మాత్రం మీ పని కాదు. దూలం మీద కాకుండా అడుగు వేస్తే సీలింగ్‌లోంచి కిందికి వచ్చేస్తారు!

చలికాలం రాకముందే

గ్యాసు ఫర్నెస్ ఉన్నవారు ఏటా ఒకసారి దాన్ని పరీక్ష చేయించండి. పొగ గొట్టంలోనో, లోపలి రేకులోనో లోపముంటే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి రావచ్చు. దానికి రంగు లేదు, వాసన లేదు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ అంతా మంచులో కరెంటు లేక వణికినప్పుడు, ఇంట్లో బొగ్గులు రాజేసి, గరాజ్‌లో కారు నడిపి ఆ విషవాయువుతో వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం మొదలైతే కారణం వెతుకుతూ కూర్చోకండి. బయటికి వచ్చి 911కి ఫోన్ చేయండి.

ప్రతి అంతస్తులోనూ, పడగ్గదుల దగ్గరా కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. మీ ఇంట్లో ఉన్నవి పనిచేస్తున్నాయో లేదో ఈ శనివారమే బటన్ నొక్కి చూడండి.