ఇంటి అప్పు: వ్యవధి కోరడం అవమానం కాదు

ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తునికి వ్యవధి ఇవ్వవలెనని బఖరా సూరా 280వ ఆయతు బోధిస్తుంది. ఒప్పందాన్ని వ్రాతలో ఉంచమని 282వ ఆయతు ఆదేశిస్తుంది. వడ్డీ నిషిద్ధమే. అయినా ఇప్పటికే ఆ ఊబిలో చిక్కినవానికి గూడు నిలుపుకొనే దారి చూపడం మన బాధ్యత.

మన శిరివెళ్లలో పంట దెబ్బతిన్నప్పుడు, పని తప్పినప్పుడు కొందరు బ్యాంకు నోటీసును ఆలుబిడ్డలకు సైతం చెప్పక దాస్తున్నారు. దాచినంత మాత్రాన గడువు ఆగదు. వాయిదా బాకీ 90 రోజులు దాటితే అది మొండిబకాయి అవుతుంది. 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం 60 రోజుల నోటీసు వస్తుంది. అది గడిస్తే ఇంటిని స్వాధీనం చేసుకొనవచ్చు. ఆ లోపు అభ్యంతరం వ్రాసి ఇస్తే బ్యాంకు 15 రోజులలో జవాబివ్వాలి.

కనుక నోటీసు రాకముందే వెళ్లి రుణ పునర్వ్యవస్థీకరణ కోరుదాం. అయితే తగ్గిన వాయిదాను చూసి మురిసిపోరాదు. 9 శాతం వడ్డీపై 10 లక్షల బాకీని 15 ఏళ్లకు బదులు 20 ఏళ్లలో తీర్చితే, నెలవాయిదా సుమారు 10,143 నుండి 8,997 రూపాయలకు దిగుతుంది. మొత్తం చెల్లింపు మాత్రం దాదాపు 3.34 లక్షలు పెరుగుతుంది. కొత్త గడువెంత, వడ్డీ ఎంత, పాత బకాయి అసలులో కలుస్తుందా అని అడిగి, వ్రాతపూర్వకంగా తీసుకొన్న పిమ్మటే సంతకం చేద్దాం.

అప్పులపాలైనవారూ జకాత్‌కు అర్హులని తౌబా సూరా 60వ ఆయతు తెలుపుతుంది. కలిగినవారు పొరుగువాని తలుపు తట్టి విచారించాలి. అల్లాహ్ మన ఇళ్లను రుణభారం నుండి విముక్తం చేయుగాక. ఆమీన్.