తిమ్మిరికి గ్రీకు మాట

గ్రీకు భాషయందు 'కర్పోస్' అను పదమునకు ఫలమనియు మణికట్టనియు రెండర్థములు కలవు. వైద్యులు రెండవ యర్థమును గ్రహించి, మణికట్టులోని యిరుకుదారిలో నరము నొక్కుకొనుటవలన గలుగు వ్యాధిని కార్పల్ టన్నెల్ వ్యాధి యనిరి. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలిలో సగము తిమ్మిరెక్కును. చిటికెనవ్రేలికి సాధారణముగా బాధ యుండదు. రాత్రివేళ నొప్పి హెచ్చి రోగి లేచి చేయి విదిలించుకొనును.

విద్యుత్పరీక్ష నరము సంగతి చెప్పును గాని రోగి కష్టమెంతయో చెప్పదు. అది రోగినే యడుగవలెను. అందులకై అమెరికాలోని బోస్టను వైద్యులు 1993లో నొక ప్రశ్నావళిని ప్రకటించిరి. బాధనుగూర్చి 11 ప్రశ్నలు, చేతిపనులనుగూర్చి 8 అంశములు. ఒక్కొక్కదానికి 1 మొదలు 5 వఱకు అంకెలు. అంకె పెరిగినకొలది బాధ హెచ్చు. చికిత్సకు ముందును పిమ్మటను ఈ యంకెలను పోల్చి చూతురు. కావున ప్రశ్నలో మాట జాఱినచో, చికిత్స ఫలించినదో లేదో తెలియకపోవును.

దీనిని గ్రీకులోనికి దెచ్చుటలో చిక్కు లున్నవి. వ్యాధి పేరు గ్రీకుదే యైనను ప్రశ్నలు ఇంగ్లీషువి. స్పర్శ తెలియకుండుట యొక ప్రశ్న. చిమచిమలాడుట వేఱొక ప్రశ్న. గ్రీకులు వాడుకలో రెంటికిని 'ముద్యాస్మ' యందురు, మన తిమ్మిరివలెనే. అట్లే వ్రాసినచో రోగి రెండు ప్రశ్నలకు నొకే జవాబిచ్చును. చిమచిమకు వేఱుగా 'మిర్మీగ్యాస్మ' యను మాట కలదు. అది చీమను జెప్పు పదమునుండి పుట్టినది. చీమలు ప్రాకినట్లున్నదని మనవారును అందురు గదా! ఇంత దూరపు భాషలు ఒక చీమనే యాశ్రయించుట నాకు ముచ్చటగా దోచినది. 'హేరి' యను పదము మఱియొక చిక్కు. ఇంగ్లీషులో మణికట్టునకు దిగువ నొక పేరు, ఎగువ నొక పేరు. గ్రీకు వాడుకలో భుజమునుండి వ్రేళ్లవఱకు హేరియే; మన 'చేయి'యు నట్టిదే. మోచేతి నొప్పియు లెక్కలో జొరబడవచ్చును.

అందుచే ఈ పని నొక్కని పాండిత్యమునకు విడువరు. ఇద్దఱు వేఱువేఱుగా తర్జుమా చేయుదురు. ఆ రెంటిని గలిపి, మూలము చూడనివారిచే మరల ఇంగ్లీషులోనికి మార్పించి మూలముతో పోల్తురు. పండితునకిది పరీక్షవలె దోచును. అయినను దాగిన తప్పు లిట్లే బయటపడును. తరువాత రోగులచే చదివించి, ఏమి బోధపడెనో అడుగుదురు. వ్యాధి మాఱకమునుపే కొన్నిదినములకు మరల అడిగిన దాదాపు అవే అంకెలు రావలెను.

చేతిపనులలో టెలిఫోను రిసీవరు పట్టుకొనుట యొకటి. 1993లో అది ఇంటింటి వస్తువు. నేడు పలువురి చేతిలో నున్నది పలుచని జేబుఫోను. మాట సరిగా మాఱినను వస్తువు మాఱినది గావున, రోగి యే ఫోనును దలచి జవాబిచ్చెనో యడిగి తెలిసికొనవలెను.