ఆపండి... ఆ పాత్ర నేను వేస్తా!

నాటకం రసవత్తరంగా సాగుతుండగా ప్రేక్షకుల్లోంచి ఎవరైనా లేచి ‘ఆపండి’ అని అరిస్తే? పక్కవాళ్లు విసుక్కుంటారు. నిర్వాహకులు వచ్చి కూర్చోబెడతారు. బ్రెజిల్ దర్శకుడు అగస్టో బోల్ నాటకాల్లో మాత్రం నటులంతా ఆ కేక కోసమే ఎదురుచూసేవారు. అరిచిన మనిషిని వేదిక మీదికి పిలిచి పాత్ర అప్పగించేవారు. అలాంటి నాటకాల్లోంచి రియో డి జనీరో నగరానికి ఏకంగా 13 చట్టాలొచ్చాయి!

బోల్ 1931లో రియోలో పుట్టాడు. చదివింది కెమికల్ ఇంజినీరింగ్, పట్టుకుంది నాటకం. సావోపాలోలోని అరీనా థియేటర్‌లో దర్శకుడిగా పేరొచ్చింది. అప్పట్లో దేశంలో సైనిక పాలన. 1971లో అతన్ని అరెస్టు చేసి చిత్రహింసలు పెట్టారు. విడుదలయ్యాక దేశం విడిచి వెళ్లక తప్పలేదు.

ఆ ప్రవాసంలోనే, 1973లో పెరూలో అక్షరాస్యత కార్యక్రమంలో పనిచేస్తున్నప్పుడు, ఓ నాటకం అతని దారి మార్చేసింది. కథ చిన్నదే. ఇంటికి సంబంధించిన రసీదులంటూ భర్త కొన్ని కాగితాలిచ్చి దాచమంటాడు. భార్యకు చదువు రాదు. అనుమానమొచ్చి పక్కింటావిడతో చదివిస్తే... అవి మరో స్త్రీ రాసిన ప్రేమలేఖలు! ఇప్పుడామె ఏం చేయాలని ప్రేక్షకుల్నే అడిగారు. తలా ఓ మాట చెప్పారు. చెప్పినట్టల్లా నటి చేసి చూపించింది. భర్తతో గట్టిగా మాట్లాడాలి అందొకావిడ. నటి ఎంత గట్టిగా మాట్లాడినా ఆవిడకి నచ్చదు. చివరికి మీరే వచ్చి చేయండి అన్నాడు బోల్. ఆవిడ ఎక్కింది, చీపురందుకుంది, భర్త పాత్రధారిని ఎడాపెడా వాయించింది. ఆపైన తీరిగ్గా కూర్చుని, వెళ్లి అన్నం పట్రమ్మంది!

గట్టిగా మాట్లాడటమంటే ఆవిడ ఉద్దేశమేమిటో ఆవిడ చేస్తేనే తెలిసింది. అలా పుట్టిందే ఫోరం థియేటర్. నాటకం మొదటిసారి బాధితుల ఓటమితో ముగుస్తుంది. వెంటనే రెండోసారి మొదలుపెడతారు. ఈసారి ఎవరైనా ఆపి, బాధితుల పాత్రలోకి వెళ్లి తమకు తోచిన దారి ప్రయత్నించొచ్చు. మధ్యలో అందర్నీ కలుపుకుపోయే వ్యాఖ్యాతకు జోకర్ అని పేరు. పేకాటలో జోకర్‌లాగే ఏ పక్షమూ కాదు.

వేదిక మీద చీపురు తిప్పడం తేలికే. ఇంటికెళ్లాక, ఆఫీసుకెళ్లాక సంగతేమిటి? ఈ ప్రశ్నకు జవాబు వెతికే అవకాశం 1992లో వచ్చింది. అప్పటికి ఆరేళ్ల క్రితమే స్వదేశం చేరిన బోల్, వర్కర్స్ పార్టీ తరఫున రియో నగర కౌన్సిలర్‌గా గెలిచాడు. ప్రచారమంతా పాటలూ వీధి నాటకాలే. గెలిచాక తన నాటక బృందాన్నే కార్యాలయ సిబ్బందిగా పెట్టుకున్నాడు.

రియోలో కౌన్సిల్ భవనమూ, 1909లో ప్రారంభమైన వైభవోపేతమైన మునిసిపల్ థియేటరూ ఒకే కూడలిలో ఉంటాయి. (మన హైదరాబాద్‌లోనూ అసెంబ్లీకీ రవీంద్రభారతికీ మధ్య దూరం కాస్తే. నాటకం అక్కడి నుంచి ఇక్కడికి నడిచి వచ్చిందా అన్నది వేరే సంగతి.) బోల్ బృందాలు ఆ పెద్ద హాలు కోసం చూడలేదు. మురికివాడలు, వృద్ధులు, అంధులు... ఎవరి సమస్య మీద వాళ్లతోనే నాటకం కట్టించి వీధుల్లో, కూడళ్లలో ఆడించాయి. ప్రేక్షకులు వేదికెక్కి సూచించిన పరిష్కారాల్ని రాసుకునేవారు. పనికొచ్చేవాటిని న్యాయ నిపుణులు బిల్లులుగా మలిస్తే బోల్ కౌన్సిల్లో పెట్టేవాడు. దీనికే లెజిస్లేటివ్ థియేటర్ అని పేరు.

వృద్ధుల నాటకాల ఫలితంగా మునిసిపల్ ఆసుపత్రుల్లో వారికి ప్రత్యేక వైద్యం అందించాలన్న చట్టం వచ్చింది. సాక్షుల రక్షణ కోసం మరొకటి. ఇంకోటి వీధి టెలిఫోన్ల గురించి. స్తంభానికి వేలాడే ఫోన్ డబ్బా కింద ఖాళీగా ఉంటే అంధుల చేతికర్రకు ఏమీ తగలదు, తల మాత్రం ఠకీమని తగులుతుంది. కింద చిన్న గట్టు కడితే కర్రకే తెలిసిపోతుంది. అద్దాల కార్లలో తిరిగే ఏ కౌన్సిలర్‌కైనా ఇది తట్టేదా?

1996 ఎన్నికల్లో బోల్ గెలవలేదు. నాటకాలు మాత్రం ఆగలేదు. 2009 మే 2న అతను కన్నుమూసేనాటికి ఈ పద్ధతి ఎన్నో దేశాలకు పాకింది. మన పశ్చిమ బెంగాల్లో సంజయ్ గంగూలీ 1985లో ప్రారంభించిన జనసంస్కృతి దీన్ని పల్లెలకు తీసుకెళ్లింది. వరకట్నం, గృహహింస, సారా... అన్నీ అక్కడ నాటకాలే. ఆ పల్లెల్లోనూ కథ మొదట ఓటమితోనే ముగుస్తుంది. రెండోసారి మొదలయ్యాక ఎవరు లేస్తారా అని జోకర్ జనంలోకి చూస్తూ నిలబడతాడు.